బెంజిగారింట్లో వియ్యాలవారు

అటు అత్తమామల్నీ ఇటు అమ్మానాన్నల్నీ ఒకేసారి పిలిపించుకోవడం ఎంత సాహసమో మా అబ్బాయికీ కోడలికీ మేం స్టుట్‌గార్ట్‌లో విమానం దిగాకగాని బోధపడలేదు. ఇద్దరూ ఇంజనీర్లు. నలుగురు పెద్దవాళ్ళు ఇంట్లో తిరుగుతుంటే మనవడికి తెలుగు దానంతటదే వచ్చేస్తుందని లెక్క వేసుకున్నారు. వచ్చింది. "మా రోజుల్లో అయితేనా..." అనే మాట వాడికి వారం తిరక్కుండా పట్టుబడింది. ఆ మర్నాడే మా అబ్బాయి మా నలుగుర్నీ కారెక్కించి, మెర్సిడెస్ బెంజ్ మ్యూజియం ముందు దింపి, "తీరిగ్గా చూడండి నాన్నా, సాయంత్రం వస్తా" అని వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడంలో వాడి కారు చూపించిన పికప్పు మా బావగారికి బాగా నచ్చింది.

బావగారంటే మా వియ్యంకుడు. ఒంగోలు మనిషి. ఆర్టీసీలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి మేనేజర్‌గా దిగాను. ఆయన బళ్ళ ఇంజన్లు విప్పారు, నేను వాటి తాకట్టు కాగితాలు విప్పాను. కాబట్టి మోటారు వాహనాల గురించి మాట్లాడే హక్కు ఇద్దరికీ సమానంగా ఉందని నా వాదన. ఆయన ఇంతవరకూ ఒప్పుకోలేదు.

2006లో తెరిచిన ఈ మ్యూజియం తొమ్మిది అంతస్తుల మేడ. కింద నుంచి పైకి చూసుకుంటూ వెళ్ళనక్కర్లేదు. లిఫ్టులో తిన్నగా పై అంతస్తుకు తీసుకెళ్ళి, 1886 దగ్గర వదిలేస్తారు. అక్కణ్ణుంచి ఏటవాలు దారిలో చుట్లు తిరుగుతూ ఈ కాలానికి దిగిరావాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళెవరో దగ్గరుండి కట్టించారని మా ఆవిడ మెచ్చుకుంది.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా తెల్లగుర్రం!

"ఏంది బావగారూ, మనం టిక్కెట్టు కొన్నది కార్లకా, జూకా?" అన్నారు బావగారు.

చెవికి తగిలించుకున్న యంత్రం చెప్పింది నేను తెలుగు చేసి వినిపించాను. మోటారు బండి అనేది నాలుగు రోజుల ముచ్చట, నాకు నమ్మకం గుర్రం మీదే అని జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ అన్నాడట. ఆ గుర్రానికి కాస్త అవతలే బెంజిగారి మొట్టమొదటి కారు. 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు పెట్టిన బండి నమూనా. ఇంజను బలం ముప్పాతిక హార్స్‌పవర్. అంటే పక్కనున్న గుర్రం కంటే ఇంకా పాతిక గుర్రం తక్కువే. చక్రవర్తి లెక్క ఆ పూటకి కరెక్టేననిపించింది.

బావగారు దాని చుట్టూ ప్రదక్షిణం చేశారు. "ముందు ఒక చక్రం, వెనక రెండు. ఇంజను వెనకాల. స్టీరింగు బదులు ఒక పిడి. బావగారూ, ఇది కారు కాదు. ఆటో."

నాకూ కాదనడానికి కారణం కనబడలేదు. రెండు ముందు చక్రాలను ఒకేసారి సరిగ్గా తిప్పే పద్ధతి బెంజికి తృప్తిగా కుదరక, ఒకే చక్రంతో సరిపెట్టాడు. ప్రపంచం కారు యుగంలోకి ఆటోలో వచ్చిందన్న మాట. మీటరు మాత్రం లేదు. ఒంగోలు బస్టాండు దగ్గర ఉన్నా వెయ్యరు గనక, అది లోపం కిందకు రాదని బావగారు తీర్పిచ్చారు.

అంతలో ఆయన గొంతుక్కూర్చుని సీటు కిందకు తల పెట్టారు. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద చక్రం కనబడింది. దాన్ని చేత్తో తిప్పితేనే బండి అందుకుంటుంది. "మా చేలో ఆయిలింజనూ ఇంతే! అందుకున్న క్షణాన హ్యాండిలు లాక్కోకపోయామో, భుజం ఊడి దాని వెంట పోతుంది" అంటూ చెయ్యి చాపబోయారు. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఒక యూనిఫారం ఆయన వచ్చి, చిరునవ్వుతో వేలు అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత మేం ఏ అంతస్తుకు దిగినా అక్కడ ఒక యూనిఫారం మాకంటే ముందే నిలబడి ఉంది.

ఆడవాళ్ళిద్దరూ అప్పటిదాకా కుర్చీల కోసం చూస్తున్నారు. వాళ్ళను నిలబెట్టింది బెంజి కాదు, బెంజిగారి భార్య బెర్తా.

ఈవిడ పెళ్ళికి ముందే తన కట్నం సొమ్ము పుట్టింటివాళ్ళ దగ్గర ముందుగా ఇప్పించి, కాబోయే మొగుడి వ్యాపారంలో చిక్కులు పెడుతున్న భాగస్థుణ్ణి సాగనంపింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి ఆయన బండైతే కట్టాడుగాని, జనంలోకి ధైర్యంగా తీసుకెళ్ళలేదు. ఇంకా ఏదో సరిచెయ్యాలి, ఇంకా ఏదో బిగించాలి. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, ఆయన నిద్రపోతుండగా, పదిహేను పదమూడేళ్ళ కొడుకులిద్దర్నీ లేపి, బండి చప్పుడు ఇంట్లో వినబడకుండా దూరం దాకా తోయించి, మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ ఊరు ఆవిడ పుట్టిల్లు.

"మొగుడికి చెప్పకుండానా?" అంది వియ్యపురాలు.

"చీటీ రాసి పెట్టిందట."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాఫీలో చక్కెర విషయంలో ఇంతవరకూ ఏకాభిప్రాయానికి రాని ఆడవాళ్ళు మొదటిసారి ఒక్క మాట మీదకొచ్చారు. "బాగా చేసింది!"

దారిలో బండి మొరాయించింది. పెట్రోలు బంకు అనే వస్తువే లేని కాలం. వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపుకెళ్ళి, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోసింది. ("మందుల షాపు రేటుకా!" అని బావగారు గుండె పట్టుకున్నారు.) ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. వైరు మీద తొడుగు అరిగిపోతే, మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ విప్పి చుట్టింది. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాణ్ణి పిలిచి వాటికి తోలు వేయించింది. గుట్టలొచ్చిన చోట కొడుకులు దిగి తోశారు. చీకటి పడే వేళకు అమ్మగారిల్లు చేరి మొగుడికి టెలిగ్రాం కొట్టింది. తిరిగొచ్చాక, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు పెట్టమని సలహా కూడా ఇచ్చింది. ఆయన పెట్టాడు.

బావగారు చాలాసేపు తల పంకించారు. "రోడ్డు మీద బండాగితే డిపోకి ఫోన్ చెయ్యకుండా నడుపుకొచ్చిన డ్రైవర్ని నా సర్వీసులో చూళ్ళేదు బావగారూ. ఆ మహాతల్లి మా డిపోలో ఉంటే నేను పదేళ్ళు ముందు ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి."

"టెలిగ్రాం అందాక ఆయనేమన్నాడట?" అని మా ఆవిడ అడిగింది. తెలియదన్నాను. "మీరైతే సాయంత్రం కాఫీ ఎవరిస్తారని తిరుగు టెలిగ్రాం కొట్టేవారు" అంది.

వియ్యపురాలు మాత్రం ఇంకో ప్రశ్న వేసింది. "అన్నయ్యగారూ, ఆ ఊరు ఇక్కడికి దగ్గరేనా?" రైల్లో గంటలోపే చేరొచ్చనీ, నగల తయారీకి పేరుబడ్డ ఊరనీ, జనం దాన్ని స్వర్ణనగరం అనే పిలుస్తారనీ నాకు తెలిసినంత చెప్పాను. నాకు తెలిసింది దాచుకునే అలవాటు లేదు.

ఇక మోటారు సైకిలు. 1885లో డైమ్లర్ అనే ఇంకో జర్మన్ ఇంజనీరూ, ఆయన సహచరుడు మేబాక్ కలిసి చేసిన ఈ బండి మంచానికి ఇంజను బిగించినట్టుంది. చట్రం చెక్క, చక్రాలు చెక్క, వాటికి ఇనప పట్టా. పడిపోకుండా రెండు పక్కలా చిన్న చక్రాలు. పని జరిగింది డైమ్లర్ ఇంటి తోటలో మొక్కల కోసం కట్టిన అద్దాల గదిలో. రాత్రింబవళ్ళు తలుపులేసుకుని లోపల ఇనుము చప్పుళ్ళేమిటని తోటమాలికి అనుమానం వచ్చి, దొంగనాణేలు పోస్తున్నారని పోలీసులకు చెప్పాడట. వాళ్ళొచ్చి వెతికితే ఇంజను దొరికింది. ఆ బండి మీద డైమ్లర్ కొడుకు మొదటిసారి ఊరు దాటి వెళ్ళినప్పుడు, సీటు కిందనే ఉన్న ఇంజను వేడికి సీటు అంటుకుంది. ఎండలో ఆపిన స్కూటరు మీద మధ్యాహ్నం మూడింటికి కూర్చున్న మన వాళ్ళెవరికీ ఇది వింతగా అనిపించదు.

నాకు చేతక్ ఉండేది. బుక్ చేసింది పెళ్ళయిన కొత్తలో. అది చేతికొచ్చేనాటికి మా అబ్బాయి ముందు నిలబడి హ్యాండిలు పట్టుకునే ఈడుకొచ్చాడు. పొద్దున్నే దాన్ని పక్కకు వంచి, కాసేపలా ఉంచి, నిలబెట్టి, కిక్కు కొట్టడం మా వీధిలో మగవాళ్ళందరి నిత్యకర్మ. సంధ్యావందనం ఎగ్గొట్టినవాళ్ళున్నారుగాని, ఇది ఎగ్గొట్టినవాళ్ళు లేరు. బావగారిది ఎజ్డీ. దానికి కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. నిలబెట్టి కొడితే కిక్కు, ముందుకు మడిచి తొక్కితే గేరు. "ఇట్టాంటి తెలివి ఈ తొమ్మిది అంతస్తుల్లో ఒక్కదానికుందేమో చూపించండి" అని సవాలు చేశారాయన. నేను చూపించలేకపోయాను. ఆ డిజైను వాళ్ళదీ కాదు, మనదీ కాదు, చెకోస్లోవాకియావాళ్ళ జావా కంపెనీదని నాకు తెలుసుగాని, వియ్యంకుడితో అంతదూరం వెళ్ళకూడదు.

బెంజి, డైమ్లర్ ఒకే కాలంలో, నూరు కిలోమీటర్ల ఎడంలో ఉండి, ఒకే పని చేసి, ఒక్కసారి కూడా ముఖాముఖి మాట్లాడుకోలేదంటారు. డైమ్లర్ 1900లో పోయాడు. 1926లో రెండు కంపెనీలూ ఒకటయ్యాయి. అంటే చూపుల్లేవు, మాటల్లేవు, తిన్నగా వియ్యమందేశారు. ఒకరినొకరు కలుసుకోకపోవడం వల్లనే ఆ వియ్యం ఇన్నేళ్ళు నిలబడిందని నేను అనుకున్నాను. బావగారు కూడా సరిగ్గా అదే అనుకుంటున్నట్టు ఆయన చూపు చెప్పింది.

మెర్సిడెస్ అన్నది ఎలినెక్ అనే ఆస్ట్రియా వ్యాపారి కూతురి పేరు. డైమ్లర్ కార్లు హోల్‌సేలుగా కొని అమ్ముతూ, వాటికి పిల్ల పేరు పెట్టించాడు. కార్లు ఎంతగా అమ్ముడుపోయాయంటే చివరికి ఆయనే తన ఇంటిపేరు పక్కన కూతురి పేరు చేర్చుకున్నాడు. మనవాళ్ళు లారీ నుదుట పిల్లల పేర్లు రాయించి అక్కడితో ఆపుతారు.

పై అంతస్తులో గుర్రాన్ని నమ్ముకున్న చక్రవర్తి కింద మళ్ళీ తగిలాడు. సింహాసనం పోయి హాలండ్‌లో తలదాచుకుంటున్న రోజుల్లో ఆయన కొనుక్కున్న 770 మోడలు కారు అక్కడుంది. పడవంత పొడవు. నాలుగు రోజుల ముచ్చట ఆయన్ని కూడా వదల్లేదు. పోపుగారు ఊరేగిన అద్దాల జీపుకు వియ్యపురాలు చెప్పులు విడవబోయి, నేల చల్లగా ఉందని నిలబడే దణ్ణం పెట్టింది. డయానా ఎర్రకారు ముందు ఆడవాళ్ళు ఆగినంతసేపట్లో నేను రెండు అంతస్తుల చరిత్ర వినేశాను.

అయితే ఆ రోజు అసలు దర్శనం బావగారిది. అర్జెంటీనాలో తిరిగిన పాత బెంజి బస్సొకటి, ముందు ముక్కున్నది, రంగురంగుల ముగ్గులతో నిలబడి ఉంది. ఆయన దాని ముందు ఆగిపోయారు. 1954లో టాటావాళ్ళు డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలూ బస్సు చాసిస్‌లూ కట్టారు. 1969 దాకా వాటి ముక్కు మీద ఇదే బెంజి నక్షత్రం. ఆయన డిపోలో చేరేనాటికి ఆ పాత బళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. పల్లెల్లో వాటిని బెంజి బళ్ళనే అనేవాళ్ళం. బెంజి ఎక్కడం అంటే వెనక కోళ్ళ గంపతో కలిసి కూర్చోవడమని మాకు తెలుసుగాని, అది ధనవంతుల వ్యవహారమని చాలా ఏళ్ళ దాకా తెలియదు.

"దీని క్లచ్చి ప్లేటు కళ్ళు మూసుకుని మారుస్తాను" అన్నారు బావగారు. అన్నది నాతో కాదు, పక్కన నిలబడ్డ జర్మన్ దంపతులతో. తెలుగులోనే. గేరు మార్చేటప్పుడు వచ్చే మూలుగు, కావలి దాటాక రేడియేటరు మరిగితే వచ్చే శబ్దం, గాలి బ్రేకు వదిలినప్పటి నిట్టూర్పు అన్నీ నోటితో చేసి చూపించారు. ఆ పెద్దాయన "యా, యా" అని తనూ ఒక మూలుగు మూలిగాడు. ఆయన కూడా ఒకప్పుడు లారీ నడిపేవాడట, ఆయన భార్య ఇంగ్లీషులో నాకు చెప్పింది. వాళ్ళిద్దరూ చెరో భాషలో ఇంజన్ల చప్పుళ్ళు ఇచ్చిపుచ్చుకుంటుంటే, యూనిఫారం ఆయన కూడా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఈసారి వేలు ఊపలేదు.

బయటికొస్తూ బావగారు ఒక్క లోపం చెప్పారు. "ఇన్ని బళ్ళున్నాయా, కింద ఒక్క ఆయిలు చుక్క లేదు. ఆయిలు కారట్లేదంటే బండిలో ఆయిలు లేదని అర్థం."

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వంటింటి బల్ల మీద ఫ్లాస్కు, దాని కింద మా ఆవిడ చేతిరాతతో చీటీ: "వదినగారూ నేనూ ఫోర్ట్స్‌హైమ్ వెళ్తున్నాం. కోడలు టిక్కెట్లు తీసింది. కాఫీ పోసి ఉంచాను. చేరాక ఫోన్ చేస్తాం."

చదివి బావగారికి అందించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"స్వర్ణనగరం అని చెప్పింది ఎవరు బావగారూ?"

"ముందు కార్డు ఉందో లేదో చూసుకోండి" అన్నాను, నా చొక్కా జేబు తడుముకుంటూ.