పైపు లేని కుళాయి

డల్లాస్‌లో ఉండే మా అబ్బాయి మే నెలలో ఆన్‌లైన్‌లో కొని మాకో మానిటర్ పంపాడు. దాని వెనక నాలుగు యూఎస్‌బీ రంధ్రాలు. నా కంప్యూటర్ డబ్బా టేబుల్ కింద ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టాలంటే మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి వెతుక్కోవాలి. అరవై ఏడేళ్ళ మోకాళ్ళు. వాడు అది గుర్తుపెట్టుకుని మరీ పంపాడు.

ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్‌లో ప్యాకింగ్ విప్పింది మా ఆవిడ. శాస్త్రి భవన్‌లో ముప్పై ఏళ్ళు ఫైళ్ళకి దారాలు కట్టినవాణ్ణి కనక నాకు కట్టడమే గానీ విప్పడం రాదని ఆవిడ నమ్మకం. ఆవిడ అందించిన రెండు కేబుళ్ళూ, అంటే కరెంటుదీ హెచ్‌డీఎంఐదీ, నేను తగిలించాను. బొమ్మ వచ్చింది. రంధ్రాల్లో కీబోర్డూ, మౌసూ, కెమెరా గుచ్చాను. 1996లో యూఎస్‌బీ వచ్చినప్పుడు ఏదైనా గుచ్చితే చాలన్నారు కదా. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడైన అజయ్ భట్ వడోదరాలో చదువుకున్న మనిషే. మనవాడి మాటే కదా అని నమ్మాను.

ఒక్కటీ పలకలేదు. ఫోను పెడితే మాత్రం ఛార్జింగ్ ఎక్కుతోంది!

ఆ ఛార్జింగే మా కొంప ముంచింది. రంధ్రాలు బాగానే ఉన్నాయి కనక లోపం కంప్యూటర్‌లోనే ఉందని మావాడు తేల్చాడు.

మామూలుగా వాడి ఫోను ఆదివారం ఒక్కసారే. తిన్నారా, మందులు వేసుకుంటున్నారా, సరే ఉంటాను. నాలుగు నిమిషాలు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరున్నరకి, వాడికక్కడ పొద్దున్న ఎనిమిదికి, ఠంచనుగా మోగేది. నా స్క్రీన్ అక్కణ్ణుంచే చూస్తూ డ్రైవర్లు తీసేయించాడు, మళ్ళీ వేయించాడు, సెట్టింగులన్నీ తిరగేయించాడు. ప్రతిదానికీ ఒక రీస్టార్టు. నా పాత యంత్రం పడుకుని లేవడానికి పది నిమిషాలు తీసుకుంటుంది. ఆ పది నిమిషాలూ ఫోను వాళ్ళమ్మ చేతిలో. మనవరాలికి పన్నూడిందనీ, కోడలు కొత్త ఉద్యోగం వెతుక్కుంటోందనీ మాకు ఆ రీస్టార్టుల్లోనే తెలిసింది.

పదిహేనో రోజున, "నాన్నా, పెట్టెలో ఇంకో కేబుల్ ఏమైనా ఉందా?" అన్నాడు. వంటింట్లోకి కేకేసి అడిగాను.

"ఉంటే ఇవ్వనా?" అని జవాబు.

మర్నాడు మండుటెండలో మెట్రో ఎక్కి, లాజ్‌పత్ నగర్‌లో వయొలెట్ లైన్‌కి మారి, నెహ్రూ ప్లేస్‌లో దిగాను. కంప్యూటర్ సామాను విషయంలో ఢిల్లీ వాళ్ళందరికీ అదే చివరి దిక్కు. చెప్పిందంతా విని, దుకాణం కుర్రాడు నవ్వాడు.

"అంకుల్‌జీ, నల్కా తో లగా లియా, పైప్ కహాఁ హై?"

కుళాయిలు బిగించుకుని పైపు వేయడం మర్చిపోయానట. హెచ్‌డీఎంఐలో బొమ్మా శబ్దమూ వెళ్తాయి గానీ యూఎస్‌బీ వెళ్ళదు. దానికి మానిటర్ నుంచి కంప్యూటర్‌కి వేరే తీగ వేయాలి. మానిటర్ వైపు మూతి చదరంగా, ప్రింటర్ కేబుల్‌లా, పైన చిన్న మూపురంతో ఉంటుంది. అది లేకపోయినా కొన్ని మానిటర్లు రంధ్రాలకి కరెంటు ఇస్తాయి, అందుకే ఫోను ఛార్జయింది. నాలుగు రంధ్రాలకీ ఆ ఒక్క తీగే దారి కాబట్టి హార్డ్‌డిస్క్ లాంటివి డబ్బాకే పెట్టుకోమని సలహా కూడా ఇచ్చాడు. రెండొందల యాభై చెప్పి నూట ఎనభైకి ఇచ్చాడు.

ఇంటికొచ్చి తగిలించాను. మౌసు కదిలింది. కెమెరాలో నా మొహం కనబడింది. చెమటలు కారుతున్నా గెలిచిన మొహం.

"అమ్మయ్య! ఇక వాణ్ణి రోజూ విసిగించక్కర్లేదు" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి కందిపప్పు డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పప్పులో చెయ్యి పెట్టి ఒక కవరు బయటికి తీసింది. సీలు విప్పని కవరు. లోపల చదరపు మూతి, మూపురం.

"ఆ రోజు పాలు పొంగుతుంటే ఇది చేతిలో పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. అక్కడ పెట్టి మర్చిపోయాను. రాత్రి గుర్తొచ్చింది, పొద్దున ఇద్దామనుకున్నాను" అంది. కాసేపు ఆగి, "సాయంత్రం వాడు మళ్ళీ ఫోన్ చేశాడు" అంది.

గడియారం చూశాను. ఆరున్నరకి రెండు నిమిషాలు తక్కువ.

టార్చి తీసుకుని, మోకాళ్ళ మీద టేబుల్ కిందకి దూరి, కేబుల్ పీకేశాను. పైన ఫోను మోగుతోంది.

"నాన్నా, ఇవాళేమైనా కదిలిందా?"

"లేదురా" అన్నాను.