జంట నక్షత్రాల ధూళిశాస్త్రం: ప్రథమాధ్యాయం

శాస్త్రం మొదలుపెట్టే ముందు అధికారి ఎవరో తేల్చాలి. కంటికి కనబడే దుమ్మును దులిపేవాడు గృహస్థు. కనబడని దుమ్మును లెక్కగట్టేవాడు ఖగోళజ్ఞుడు. ఈ గ్రంథం రెండోవాడికి.

సూత్రం: ధూళి తన వేడిచేత పట్టుబడును.

భాష్యం: కుర్ర నక్షత్రం చుట్టూ తిరిగే దుమ్మురేణువు దాని వెలుగును మింగి, అరిగించుకోలేక పరారుణ కిరణాలుగా కక్కేస్తుంది. నక్షత్రాన్ని ఆనుకుని కాగుతున్న దుమ్ము 2, 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర దొరుకుతుంది. కాస్త ఎడంగా ఉన్నది 10 దగ్గర. చలికి ముడుచుకున్నది 60 దాటాక. ముందు రెండు చోట్లా వెలుగు తగ్గి, ఆ తర్వాత ఒక్కసారిగా పెరిగిందంటే, నడిమింట్లో ఎవరో ఊడ్చేశారని అర్థం. ఎవరు ఊడ్చారన్నదే ఈ శాస్త్రంలో గొడవ. ఊడ్చినందుకు గొడవపడే శాస్త్రం ఇదొక్కటే కాబోలు.

పూర్వపక్షం: వృషభరాశిలో, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరాన, కోకూ టౌ/4 అనే నక్షత్రం ఉంది. వయసు పది లక్షల ఏళ్ల చిల్లర. నక్షత్రాల లెక్కన ఇంకా బారసాల కాలేదు. 2004లో స్పిట్జర్ టెలిస్కోపు దాని ధూళిచక్రం నడుమ పెద్ద ఖాళీ ఉందని చూపించింది. అప్పుడే పుట్టిన గ్రహమేదో ఆ దుమ్మంతా తినేసి ఉంటుందని పండితులు అనుమానించారు. అనుమానానికేం, ఖర్చు లేదు కదా.

సిద్ధాంతం: 2008లో ఐర్లండ్, క్రాస్ అనే ఇద్దరు హవాయిలోని కెక్ టెలిస్కోపుతో తేరిపార చూస్తే, అక్కడున్నది ఒంటరి నక్షత్రం కాదు, జంట. ఇద్దరి మధ్య ఎడం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి దాదాపు 8 రెట్లు. పసిబిడ్డ మీద పడ్డ నింద కాస్తా అమ్మానాన్నల మీదికి మళ్లింది. జంట తమ మధ్య ఎడానికి రెండు మూడు రెట్ల మేర చుట్టూ ఖాళీ చేస్తుందని ఆర్టిమోవిచ్, లూబో 1994లోనే లెక్కగట్టి పెట్టారు. లెక్క చేతిలో ఉన్నా జంట కంటబడేదాకా గ్రహాన్నే పట్టుకు వేలాడటం పండిత లక్షణం.

ఆక్షేపం: అంత ఊడ్చాక లోపల ఏమీ మిగలకూడదు కదా? మిగులుతుంది. అదే వృషభరాశిలోని జీజీ టౌ అనే నక్షత్రాల కూటమి చుట్టూ పెద్ద వలయం ఉంది. దాని లోపలి అంచు నుంచి వాయువు సన్నని ధారగా నడిమి ఖాళీని దాటి నక్షత్రాల వైపు జారుతోందని 2014లో చిలీలోని ఆల్మా టెలిస్కోపు చూసింది. ఊడ్చినకొద్దీ వస్తూనే ఉంటుందని ఏ గృహిణిని అడిగినా చెప్పేదే. అయితే ఆమెకు ఆల్మాలో సమయం కేటాయించరు.

అపవాదం: హెచ్‌డీ 98800 నాలుగు నక్షత్రాల ఉమ్మడి కుటుంబం. అందులో ఒక జంట చుట్టూ ఉన్న ధూళిచక్రం, ఆ జంట తిరిగే తలానికి నిలువుగా నిలబడి ఉందని 2019లో తేలింది. ఆ జంట కక్ష్య బాగా కోలగా ఉంటుంది. అలాంటి చోట చక్రానికి నిలువుగా తిరగడం కూడా నిలకడే. ఇందులో వాస్తుదోషం వెతకడం ఈ అధ్యాయంలో నిషిద్ధం.