పలక మీద పలహారం

మా ఇంట్లో పళ్లేలకు ఏనాడూ కొరత లేదు. పెళ్లిలో చదివింపులుగా వచ్చిన స్టీలు పళ్లేలే అటక నిండా ఉన్నాయి. వాటి అంచుల మీద పేర్లు చెక్కించి ఇచ్చినవాళ్లలో సగం మంది కాలం చేశారు గానీ, పళ్లేలు మాత్రం చెక్కుచెదరలేదు. అవన్నీ ఉండగా, ఇంటికొచ్చినవాళ్లకి చెక్క పలకల మీద పలహారం పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది.

ఫోన్లో చూసిన బొమ్మలే దీనికంతటికీ మూలం. పొడవాటి చెక్క, చివర పట్టుకోవడానికి పిడి. దాని మీద చీజ్ ముక్కలు, ద్రాక్ష గుత్తి, ఆలివ్ కాయలు, బిస్కెట్లు, బాదం పప్పులు. చుట్టూ నలుగురు చేరి నవ్వుకుంటూ ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటున్నారు. ఆ ఇంటావిడ కూడా ఆ నలుగురిలోనే ఉంది. నన్ను పట్టేసింది అదే. మా ఇంట్లో ఎవరొచ్చినా కబుర్లు హాల్లో, నేను పొయ్యి దగ్గర. ఎవరో ఏదో అంటారు, అందరూ పకపకా నవ్వుతారు, నేను గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి "ఏంటి, ఏంటి?" అని అడుగుతాను. ఈ పలకలుంటే అన్నీ ఒకేసారి పేర్చేసి నేనూ సోఫాలో కూర్చోవచ్చనుకున్నాను.

కొన్నాను. మామిడి చెక్కది ఒకటి. మధ్యలో నీలం రంగు ఎపాక్సీ పోసి, ఏరు పారుతున్నట్టు చేసినది ఒకటి. పక్కన మన సంప్రదాయం కూడా కనపడాలి కదా అని ఏటికొప్పాక లక్క పళ్లెం ఒకటి.

మా ఆయన స్నేహితులు సకుటుంబంగా వస్తామన్న ఆదివారం ముహూర్తం పెట్టాను. మిరపకాయ బజ్జీలు, అల్లం పచ్చడి, మామిడికాయ పులిహోర, జంతికలు, గొట్టం కాజాలు. పులిహోరని గిన్నెతో బోర్లించి గోపురంలా నిలబెట్టాను. బజ్జీలను చెక్క వాలుకి వరసగా పడుకోబెట్టాను. సందుల్లో నిమ్మచెక్కలు, ఉల్లిపాయ చక్రాలు. పేర్చడం అయ్యేసరికి బజ్జీలు చల్లారిపోయాయన్న సంగతి నాకు తట్టలేదు.

చీజ్ వేరు, బజ్జీ వేరు. చీజ్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి ఓ గంట బయట ఉంచితేనే రుచి తేలుతుంది. బజ్జీ నూనెలోంచి బయటికి వచ్చిన క్షణం నుంచీ దాని ఆయుష్షు నిమిషాల్లో ఉంటుంది. లోపలి మిరపకాయలోని తడి ఆవిరై పైపొరలోకి చేరుతుంది. చదునుగా ఉన్న చెక్క మీద పెడితే అడుగు నుంచి ఆ ఆవిరికి దారి ఉండదు. పైన చూడ్డానికి నిగనిగలాడుతూ, కింద తడిసిన అట్టలా తయారవుతుంది. కాజాల సంగతి ఇంకా ఘోరం. పలకకి అంచు ఉండదు. ఒకటి కాస్త చిట్లి, పాకం నెమ్మదిగా బయలుదేరి, జంతికల కిందుగా పోయి, బల్లగుడ్డ మీదికి దిగింది.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది ఇంకొకటి జరిగింది. ఎవరూ తినలేదు.

"అబ్బ, ఎంత బాగా సర్దారండీ!" అన్నారు. ఫోన్లు తీశారు, ఫొటోలు తీశారు. నేను సోఫాలో దర్జాగా కూర్చుని "తీసుకోండి, తీసుకోండి" అన్నాను. "తీసుకుంటామండీ, ముందు మీరు తీసుకోండి" అన్నారు. ఆ గోపురాన్ని మొదట కూల్చే పాపం ఎవరికి కావాలి? చివరికి ఒకాయన ధైర్యం చేసి ఒక బజ్జీ తీసుకున్నారు. సగం కొరికి, మిగతా సగం అందరికీ కలిపి పెట్టిన అల్లం పచ్చడి గిన్నెలో ముంచారు. ఆయన తప్పేం లేదు, నేను చెంచా పెడితే కదా! కానీ ఎంగిలి పడిన ఆ గిన్నె వైపు ఇక ఒక్క చెయ్యీ రాలేదు.

మా వదినగారు, అంటే మా ఆయన అక్కయ్య, ఇదంతా చూస్తూ ఊరుకున్నారు. కాసేపటికి లేచి లోపలికి వెళ్లి, చేతిలో స్టీలు పళ్లేల దొంతరతో వచ్చారు. "ఏం అమ్మాయ్, పిలిచినవాళ్లకి పెట్టే ఉద్దేశం ఉందా, చూపించి పంపించేస్తావా?" అని, నా గోపురంలో నిలువునా గరిటె దింపారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి వడ్డించారు. "చాలండీ" అన్నవాళ్ల పళ్లెంలో ఇంకో గరిటె వేశారు. "వద్దొద్దు" అని చెయ్యి అడ్డం పెట్టినవాళ్లకి వేళ్ల సందులోంచి ఒక కాజా జారవిడిచారు. చూస్తుండగానే పలకలు ఖాళీ అయ్యాయి. మెత్తబడిన బజ్జీలు కూడా మిగల్లేదు.

అప్పటిదాకా కొసరి వడ్డించడాన్ని నేను పాతకాలపు చాదస్తం అనుకునేదాన్ని. మన చుట్టం వద్దంటాడు, మనం వేస్తాం, అతను తింటాడు. వద్దనడానికి అతనికి ఎదురుగా ఒక మనిషి కావాలి. పలకని చూసి "అయ్యో, వద్దండీ" అని ఎవరంటారు? అడిగేవాళ్లు లేనిచోట మొహమాటం ఉన్నవాడికి తినే దారే లేదు. ఈ పలకల పద్ధతి పుట్టిన దేశంలో చుట్టానికి ఆ బాధ లేదు కాబోలు. నేను చెక్కని తెచ్చుకున్నాను గానీ, దాని ముందు నిలబడే మనిషిని తెచ్చుకోలేను కదా!

అక్కడితో ఆగితే బాగుండేది. పులిహోర పెట్టినచోట పలక మీద పసుపు మచ్చ పడింది. గిన్నెల సబ్బు పెట్టి తోమితే ఎర్రగా తిరిగింది. పసుపుకి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది అందుకే. పెళ్లిళ్లలో ఎంతమంది కాళ్లకి పారాణి పెట్టానో, ఆ జ్ఞానం సింకు దగ్గర పనికి రాలేదు. నానితే పోతుందని రాత్రంతా నీళ్లలో వదిలేశాను. తెల్లారి ఎండకి పసుపు వెలుస్తుందని బాల్కనీలో పెట్టాను. వెలిసింది కూడా. కానీ నీళ్లు తాగి ఉబ్బిన చెక్క పైవైపు ముందుగా ఎండి వంగిపోయింది. బల్ల మీద పెడితే ఉయ్యాల ఊగుతోంది.

దానికి నూనె పట్టించాలని ఎవరో అన్నారు. ఏ నూనె అని అడగలేదు. వంటింట్లో ఉన్న నువ్వుల నూనె దట్టంగా రుద్దాను. మామూలు వంటనూనెలు చెక్కలో సరిగా గట్టిపడవు, అలాగే ఉండిపోయి మక్కిపోతాయి. పలకలకు వాడేది తినే వస్తువులకు పనికొచ్చే మినరల్ ఆయిల్, అది మక్కదు. నెల తిరిగేసరికి నా పలక పాత ఊరగాయ జాడీ వాసన కొట్టింది.

లక్క పళ్లెం కథ ఇంకా చిన్నది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిప్పుతూ, ఆ రాపిడి వేడికే లక్కని కరిగించి రంగు ఎక్కిస్తారు. ఆ పనితనానికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని మీద నేను పొగలు కక్కే కాఫీ గ్లాసులు పెట్టి తిప్పాను. వేడికి ఎక్కిన రంగు వేడికే చెదిరింది. లక్క ఇల్లు ఏమైందో చిన్నప్పటి నుంచీ భారతంలో వింటూ పెరిగినదాన్ని!

ఇప్పుడు పలక మీద పొడివే పెడతాను: జంతికలు, చేగోడీలు, వేయించిన పల్లీలు, జామకాయ ముక్కలు. తడివి పెట్టాలంటే కింద అరిటాకు ముక్క. పచ్చడి ఎవరి పళ్లెంలో వాళ్లకి. బజ్జీలు మాత్రం వాయి వాయికీ వేడిగా రావలసిందే. వాటిని ఇప్పుడు మా ఆయన వేస్తున్నారు. సోఫాలో కూర్చోవాలన్న నా కోరిక తీరింది అలాగే. ఆయన్ని అడగడానికి మొహమాటపడి ఇన్నాళ్లూ చెక్కలు కొన్నానన్నమాట.

ఇక అసలు తప్పు చెప్పాలి. ఆ రోజు వచ్చినవాళ్లంతా వెళ్తూ వెళ్తూ "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగారు. బజ్జీలు మెత్తబడిన సంగతి, పాకం కారిన సంగతి వాళ్లు కళ్లారా చూసినవే. అయినా అడిగారు, నేనూ ఉత్సాహంగా చెప్పాను. తర్వాత జరిగిన పారాణి గొడవ, మక్కు వాసన ఎవరికీ చెప్పలేదు. మొన్న సంక్రాంతికి వాళ్లలో ఒకరింటికి వెళ్తే, నాది కంటే పెద్ద పలక మీద అరిసెలు పువ్వులా పేర్చి ఉన్నాయి. ఆవిడ సోఫాలో కూర్చుని "తీసుకోండి, తీసుకోండి" అంటున్నారు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. "తీసుకుంటానండీ, ముందు మీరు తీసుకోండి" అన్నాను. ఒక ఫొటో తీసి, ఎంతో బాగుందని చెప్పి, ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాను.