సూది బెజ్జంలో ఇల్లు

"ఇక్కడ నేను లోకల్‌ని బావగారూ, ఫోన్‌లో మ్యాపులూ అవీ ఎందుకు?" అన్నాను. ఆ ఒక్క మాట నాకు ఎంత ఖరీదు పడిందో చెబుతాను.

మేముండేది సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీ. వచ్చి పదకొండేళ్ళు. మౌంట్ రష్‌మోర్ కొండమీది నలుగురు అధ్యక్షులూ మా ఇంటికి అరగంట దూరంలోనే ఉంటారు. మొదట్లో వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేవాణ్ణి. తర్వాత గుడి పక్కన ఇల్లున్నవాడి భక్తిలాగే నాదీ పలచబడింది. సలహాలివ్వడం మాత్రం మానలేదు.

మొన్న జూన్‌లో అక్కా బావగారూ అమ్మను వెంటబెట్టుకుని న్యూజెర్సీ నుంచి డెన్వర్‌కు విమానంలో వచ్చి, అక్కడ ఆర్వీ అద్దెకు తీసుకున్నారు. 28 అడుగుల బండి. ముందు లారీ, వెనక ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా అల్మారాలో గిన్నెలు ఒక మూల నుంచి ఇంకో మూలకు వలసపోతుంటాయి. ఆవకాయ సీసాను అమ్మ ఒళ్ళోంచి దించలేదట.

"ఏవోయ్, కస్టర్ పార్కులో బైసన్లు కనబడే రోడ్డొకటి ఉందట?" అన్నారు బావగారు.

"వైల్డ్‌లైఫ్ లూప్. టూరిస్టులు పోయేది."

"వాల్ డ్రగ్?"

"మందుల షాపండీ. ఐస్ వాటర్ ఊరికే ఇస్తామని 1930లలో దారి పొడుగునా బోర్డులు పెట్టి బాగుపడింది. దానికోసం యాభై మైళ్ళు పోతామా? నీడిల్స్ హైవే చూపిస్తాను, నా వెనకాలే వచ్చెయ్యండి."

నీడిల్స్ హైవే గొప్పదే, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. గవర్నరుగా, తర్వాత సెనేటరుగా చేసిన పీటర్ నార్బెక్ కాలినడకనా గుర్రం మీదా తిరిగి ఖాయం చేసిన దారి అది. 1922లో పూర్తయింది. పధ్నాలుగు మైళ్ళ పొడవునా సూదుల్లా నిలబడ్డ గ్రానైట్ రాళ్ళ మధ్యనుంచి మెలికలు తిరుగుతూ పోతుంది. ఒకచోట రాతిని తొలిచి దారి చేశారు. దాని పేరు నీడిల్స్ ఐ, అంటే సూది బెజ్జం. పేరు పెట్టినవాడు ఇంతకంటే స్పష్టంగా ఏం చెబుతాడు? వెడల్పు 8 అడుగులు, ఎత్తు పదికి మూడంగుళాలు తక్కువ. బావగారి బండి ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, ఎత్తు పదకొండు పైమాటే. ఈ కొలతలన్నీ తర్వాత నేర్చుకున్నవి. ఆ రోజుకి నాకు తెలిసిందల్లా నా కారు అందులో పడుతుందని.

సిల్వన్ లేక్ దాటాక బెజ్జం వచ్చింది. నేను హుషారుగా దూరి అవతల తేలి, అద్దంలో చూసుకున్నాను. వెనక బావగారు లేరు. నడిచి వెనక్కి వెళితే, రాతి గోడల ముందు ఆ తెల్లటి ఇల్లు గడపలో ఆగిన కొత్త పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. దాని వెనక ఏడు కార్లు.

"కొలతల బోర్డు చూశాను. నువ్వు ముందున్నావు కదా అని వచ్చేశాను" అన్నారు బావగారు. తిట్టినా బాగుండేది. కిటికీలోంచి అమ్మ, "ఒరేయ్, ఇందులోంచి పడతామంటావా?" అంది.

ఇక వెనక్కి తీయాలి. నేను బండి వెనక్కి పరుగెత్తి, చిన్నప్పుడు చూసిన లారీ క్లీనర్‌లా రేకు మీద చరుస్తూ "రానీ, రానీ... రైట్, రైట్... హోల్డాన్!" అని అరవడం మొదలుపెట్టాను. నా రైటుకు అర్థం రమ్మనీ, ఆయన దాన్ని కుడికి తిప్పమని విన్నారనీ ఆయన పక్క అద్దం రాయికి గీసుకుపోయాక తెలిసింది. వెనక కారులోంచి ఒక పెద్దాయన దిగి, నన్ను మెల్లగా పక్కకు జరిపాడు. "డ్రైవరు అద్దంలో నీకు అతని మొహం కనబడకపోతే, అతనికి నువ్వు కనబడనట్టే" అన్నాడు. అరుపుల్లేకుండా, రెండు చేతుల సైగలతో ఇరవై నిమిషాల్లో బండిని విశాలమైన చోటికి చేర్చాడు. ఆయనా ఆర్వీలోనే తిరుగుతున్నాడట. ఇల్లు మైదానంలో వదిలేసి, దాని వెనక కట్టి తెచ్చుకున్న చిన్న కారులో కొండెక్కాడు.

"రాత్రికి ఎక్కడ దిగుతున్నారు?" అని అడిగాడు. ఇంకా అనుకోలేదన్నాం. వాల్ ఊరికి దక్షిణాన బఫెలో గ్యాప్ గడ్డిభూమి ఉందనీ, బ్యాడ్‌లాండ్స్ అంచున ఊరికే బండి నిలుపుకోవచ్చనీ, తామూ అక్కడే ఉన్నామనీ చెప్పాడు. ఆ పక్కనుంచి నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. బీడనుకున్నాను.

"ఇంతకీ మీదే ఊరు?" అన్నాడు నావైపు తిరిగి.

"న్యూజెర్సీ" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. బావగారు అద్దం మీది గీతను వేలితో తుడుస్తూ ఊరుకున్నారు.

సాయంత్రం దారిలో వాల్ డ్రగ్‌లో ఆగాం. అయిదు సెంట్ల కాఫీ అమ్మ రెండుసార్లు తాగింది. ఆ తర్వాత గడ్డిభూమి. నేల అక్కడితో తెగిపోయినట్టు ఒక అంచు, దాని కింద చారలు చారల మట్టికొండలు, వాటి మీద ఎర్రటి ఎండ. బండి ఒరగకుండా బావగారు చక్రాల కింద దిమ్మలు సర్దుతున్నారు. అక్క పెరుగన్నం కలుపుతోంది.

పెద్దాయన తన బండి దగ్గరనుంచి నడుచుకుంటూ వచ్చి, నా కారు వెనక ఆగాడు. మా రాష్ట్రం నంబరు ప్లేటు మీద మౌంట్ రష్‌మోర్ బొమ్మ ఉంటుంది. వంగి ఆ నలుగురినీ ఒకసారి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"సౌత్ డకోటాకు స్వాగతం" అన్నాడు, చెయ్యి చాపుతూ.