గంటకు 2 డాలర్ల 13 సెంట్లు

అమెరికా కార్మిక శాఖ మంత్రి గారికి,

పిల్లల్ని చూసుకోవడానికి డాలస్, ఫ్రిస్కో వచ్చే తెలుగు అమ్మానాన్నల తరఫున రాస్తున్న లేఖ ఇది. మీ హోటళ్లలో కార్డు గీకాక వెయిటర్ తెచ్చిచ్చే రసీదు మీద ‘టిప్’ దగ్గర ఒక గీత, ‘టోటల్’ దగ్గర ఇంకో గీత ఖాళీగా ఉంటాయి. మెనూలో 40 డాలర్లని చూసి తిన్న భోజనానికి 8.25 శాతం పన్ను, 20 శాతం టిప్పు కలిస్తే 51 డాలర్ల 30 సెంట్లు. అన్ని పన్నులూ కలిపిన ధర ప్యాకెట్ మీదే అచ్చేసే దేశం నుంచి వచ్చినవాళ్లకు ఆ పైన పడ్డ పదకొండు డాలర్లే అరగవు. పన్ను మీ శాఖ పని కాదు, వదిలేస్తున్నాం. టిప్పు మాత్రం మీదే.

ఎందుకంటే అది బహుమతి కాదు, జీతం. మీ ఫెడరల్ చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. టిప్పులు అందుకునే ఉద్యోగికి యజమాని తన జేబులోంచి 2 డాలర్ల 13 సెంట్లిస్తే చాలు. 1991 నుంచీ ఆ అంకె కదల్లేదు. తక్కినది టిప్పుల్లోంచి జమ. టిప్పులు చాలకపోతే లోటు యజమాని పూడ్చాలన్న నిబంధన ఉంది, కాదనం. కానీ దాన్ని తిరగేసి చదవండి: మేమిచ్చే దాంట్లో గంటకు మొదటి 5 డాలర్ల 12 సెంట్లు వెయిటర్‌కు అదనం కాదు, యజమానికి ఆదా. ఆయనకు చదివింపులు మేమెందుకు రాయాలి?

ఇది మా ఆచారం అంటారేమో. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధిస్తూ చట్టమే చేసింది. మరికొన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టి, 1926కల్లా అన్నీ వెనక్కి తీసుకున్నాయి. టిప్పును కనీస వేతనంలో జమ కట్టుకునే ఏర్పాటు 1966 నాటి సవరణతో వచ్చింది. టిప్పు ఆశ లేకపోతే మర్యాద తగ్గుతుందంటారా? జపాన్‌లో టిప్పే లేదు, మర్యాదకు లోటూ లేదు. ఖరీదైన హోటళ్లలో వెయిటర్లు టిప్పులతోనే బాగా సంపాదిస్తారన్నది నిజమే. అయితే కనీస వేతన చట్టం రాసుకున్నది వాళ్ల కోసం కాదు కదా. ధరలు పెరుగుతాయంటే పెరగనివ్వండి, పెరిగిన ధర మెనూలో వేయండి, చూసుకునే కూర్చుంటాం. కాలిఫోర్నియాతో కలిపి ఏడు రాష్ట్రాల్లో టిప్పుతో నిమిత్తం లేకుండా పూర్తి కనీస వేతనం ఇస్తున్నారు, హోటళ్లూ నడుస్తున్నాయి. అక్కడా టిప్పు అడుగుతూనే ఉన్నారు, అలవాటు చట్టంతో పోదు. కాకపోతే అక్కడ ఇచ్చింది వెయిటర్‌కు నిజంగా అదనం.

అంకె మార్చాల్సింది కాంగ్రెస్ అని మీరు తప్పించుకోవచ్చు. అలాగైతే వీసాతో పాటు ఒక కరపత్రమన్నా ఇప్పించండి. కూర్చుని తింటే 15 నుంచి 20 శాతమని, పెద్ద గుంపుగా వెళ్తే బిల్లులోనే సర్వీసు కలిపేస్తారేమో చూసుకుని మళ్లీ ఇవ్వొద్దని, కౌంటర్ దగ్గర కాఫీ అందించి మా వైపు తిప్పే ట్యాబ్లెట్‌లో ‘నో టిప్’ నొక్కితే నేరం కాదని అందులో ఉండాలి. చట్టం మీద కోపంతో ఆ గీత దగ్గర సున్నా చుడితే నష్టపోయేది వెయిటరే కాబట్టి అందాకా మేం ఇస్తూనే ఉంటాం, పన్ను కలపకముందున్న అంకె మీద లెక్కగట్టి.

ఇట్లు,
మీ వెయిటర్ల జీతంలో వాటాదారు