మోజెస్ గారి శ్రద్ధ

రాబర్ట్ మోజెస్ గారూ, న్యూయార్క్‌లో వంతెనలు, పార్కులు, రహదారులు కట్టించిన మీ మీద రాబర్ట్ కారో రాసిన జీవితచరిత్ర ‘ది పవర్ బ్రోకర్’ పూర్తిగా చదివాను. వెయ్యి పేజీలు దాటిన ఆ పుస్తకం మూసేసరికి, న్యూయార్క్‌కు మీ అంత పనిమంతుడు మళ్లీ దొరకడనిపించింది. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను.

మీరు జనం ఓట్ల కోసం కాచుకుని కూర్చోలేదు. 1934లో ఒక్కసారి గవర్నర్ పదవికి నిలబడి చిత్తుగా ఓడిపోయారు. అయినా 1924 నుంచి 1968 దాకా 44 ఏళ్లు అధికారంలో ఉన్నారు. ఒక దశలో పన్నెండు పదవులు ఒకేసారి నిర్వహించారు. మేయర్లు మారారు, గవర్నర్లు మారారు, మీరు మారలేదు. ఆ బలం మీకు చదువు వల్ల వచ్చింది. బిల్లులు రాయడంలో రాష్ట్ర రాజధాని ఆల్బనీలో మిమ్మల్ని మించినవారు లేరని పేరు. మీ చేతిలోని ట్రైబరో వంతెన సంస్థ అప్పులు తీరగానే మూతపడాల్సింది. పాత బాండ్లు తీర్చడానికి కొత్త బాండ్లు అమ్ముకోవచ్చని మీరు చట్టంలో రాయించారు. ఇక అప్పు తీరేది లేదు, సంస్థ పోయేది లేదు. ఆపైన సంస్థ అధికారాలన్నిటినీ బాండ్లు కొన్నవాళ్లతో చేసుకున్న ఒప్పందంలోకి ఎక్కించారు. ఒప్పందాలను రాష్ట్రాలు చట్టం చేసి చెరపకూడదని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. వంతెన దాటినవాడు టోల్ కట్టాలి. ఆ డబ్బుతో మీరు ఏం చేస్తున్నారని అడిగే దారి మాత్రం వాడికి మిగల్లేదు. ఇంత నేర్పుగా రాసిన చట్టాలు అరుదు.

మీ ఓపికకు కూడా నమస్కారం. కారు నడపడం మీరు ఎన్నడూ నేర్చుకోలేదు. డ్రైవర్ నడుపుతుంటే వెనక సీటునే ఆఫీసు చేసుకుని పని చేశారు. చెప్పి రాయించిన ఉత్తరాలకు కార్బన్ కాపీలు మిగిలాయి. పుస్తకం కోసం కారో వచ్చినప్పుడు మీతోగాని, మీ కుటుంబంతోగాని, మిత్రులతోగాని మాట్లాడటం కుదరదని మీవాళ్లు చెప్పారు. ఆయన మీకు దూరంగా ఉన్నవాళ్లతో మొదలుపెట్టి లోపలికి వచ్చాడు. అది చూసి మీరే ఏడుసార్లు కూర్చుని మాట్లాడి, ఆ తర్వాత తలుపు వేశారు. కానీ 79వ వీధి పడవల రేవు కింద పార్కుల శాఖ దాచిన పాత కాగితాల్లో మీ కార్బన్ కాపీలు ఉన్నాయి. కారో, ఆయన భార్య ఐనా కారో ఇద్దరూ వాటి ముందు కూర్చుని ఒక్కొక్కటే చదివారు. ఈ పుస్తకం కోసం ఇల్లమ్ముకుని, ఏడేళ్లు దాని మీదే గడిపిన ఆ దంపతులకు మీరు చేసిన సాయం చిన్నది కాదు. మా వైపు నాయకుల చరిత్రలు చాలావరకు నాయకుడి ఇంటి వసారాలో మొదలై అక్కడే ముగుస్తాయి. ఆయన ఏం సంతకం చేశాడో చూపించే కాగితం దొరకదు. మీరు దొరికేలా చేశారు.

1974లో పుస్తకం వచ్చేసరికి మీకు 85 ఏళ్లు. అప్పుడు కూడా 23 పేజీల ఖండన రాశారు. తన మాట నెగ్గాలన్న పట్టుదల అంతకాలం నిలుపుకోవడం సామాన్యం కాదు.

ఆ పట్టుదల నిండుగా కనిపించేది బ్రాంక్స్‌లోని ఈస్ట్ ట్రెమాంట్‌లో. మీరు తలపెట్టిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే రహదారి ఆ పేట గుండా ఒక్క మైలు వెళ్లాలి. ఆ మైలుకు 1,530 కుటుంబాలు ఇళ్లు వదలాలి. రెండు వీధులు పక్కకు జరిపితే ఆరు భవనాలతో సరిపోయేదని కారో చూపించాడు. 1952 డిసెంబరులో ఆ ఇళ్లకు ఉత్తరాలు వచ్చాయి, 90 రోజుల్లో ఖాళీ చేయమని. అక్కడి ఆడవాళ్లు ఇంజనీర్ల చేత పటాలు గీయించుకుని సిటీ హాల్ చుట్టూ తిరిగారు. మీరు గీసిన గీత అంగుళం కూడా కదల్లేదు. అంత స్థిరచిత్తం.

మీలో నేను అన్నిటికన్నా గౌరవించేది మీ నిష్కపటం. ఆ జనం బాధపడ్డారా అని కారో అడిగితే మీరు దాచుకోలేదు. అందులో పెద్ద కష్టమేమీ లేదని, కాస్త అసౌకర్యం ఉంటే ఉందేమోగాని దాన్ని కూడా పెంచి చెప్పారని అన్నారు. అబద్ధమాడే అవసరం మీకు కనపడలేదు. నిజంగానే మీకు అలా అనిపించింది.

ఈస్ట్ ట్రెమాంట్ వదిలి వెళ్లినవాళ్లను కారో వెతికి పట్టుకున్నాడు. కొత్తచోట ఎలా ఉందని అడిగాడు. ఇంటికొకరు చెప్పింది రాసుకుంటూ పోతే, ఆయన నోటు పుస్తకంలో ఒక మాట మళ్లీ మళ్లీ వచ్చింది: ఒంటరితనం.