రోడ్డెక్కని బండి

రాష్ట్ర రహదారుల్ని ఏజెన్సీల చేతికిస్తారట. వాళ్లు బాగుచేస్తారు, వాడుకున్నందుకు మనం రుసుము కడతాం. ముందు గోదావరి జిల్లాల్లో వేసి చూసి, కుదిరితే తక్కిన జిల్లాలకు. ఒప్పుకుంటే నున్నటి రోడ్డు, కాదంటే మీ గుంతల్లో మీరు. 2024 నవంబరులో అసెంబ్లీలో ముఖ్యమంత్రిగారు చెప్పినదాని సారాంశం ఇది. అదే నవంబరు 2న అనకాపల్లి జిల్లాలో గుంతలు పూడ్చే పని మొదలుపెట్టి, 860 కోట్లతో సంక్రాంతికల్లా రాష్ట్రంలో గుంతన్నదే లేకుండా చేస్తామన్నదీ ఆయనే. సంక్రాంతికి గుంతలు పోయేటట్టయితే, మనల్ని వదిలెయ్యడానికి మళ్లీ గుంతలెక్కణ్ణుంచి తెస్తారు? సభలో ఎవరూ అడిగినట్టు లేదు.

నేను మాత్రం మూడో దారి వెతుక్కున్నాను. రోడ్డు కావాలంటే డబ్బు కట్టాలి, వద్దంటే నడుం విరగాలి. అసలు రోడ్డే ఎక్కకపోతే?

అందుకు కావలసిన బండి అదే ఏడాది ఆగస్టు 15నే వచ్చేసింది. మహీంద్రా వాళ్లు మూడు తలుపుల థార్‌ని సాగదీసి, అయిదు తలుపులు పెట్టి థార్ రాక్స్ అన్నారు. అక్టోబరు 3న బుకింగులు తెరిస్తే మొదటి గంటలో 1,76,218 వచ్చాయి. పత్రికలు దీన్ని బిజినెస్ పేజీలో పడేశాయి. మొదటి పేజీలో పెద్దక్షరాలతో వెయ్యాల్సిన వార్త ఇది. రోడ్ల మీద ఇంత పెద్ద అవిశ్వాస తీర్మానం, అదీ గంటలో, ఏ సభలోనూ నెగ్గలేదు.

మా బావమరిదిది రేపల్లె. నిజాంపట్నం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. అసెంబ్లీ వార్త చదివి నాకంటే ముందే లెక్క వేసుకున్నాడు. "బావా, రోడ్డు తగలకుండా తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ చుట్టి రావచ్చు. బండి చూసొద్దాం పద" అన్నాడు. గుంటూరులో ఓ షోరూంకి వెళ్లాం.

బండి ఎత్తుగా, గంభీరంగా ఉంది. కుర్రాడు తలుపు తీశాడు. లోపల సీట్లు తెల్లగా మెరిసిపోతున్నాయి. మా బావమరిది చెరువు గట్టు మీంచి సరాసరి వచ్చాడేమో, చెప్పులకు నల్ల బురద ఇంకా పచ్చిగానే ఉంది. కుర్రాడు ఆ చెప్పులకేసి చూశాడు, సీటుకేసి చూశాడు, తీసిన తలుపు సగం మూసి, "ముందు బ్రోచరు చూపిస్తాను సార్" అన్నాడు. బురదలో దిగడానికి చేసిన బండిలోకి బురద కాళ్లతో ఎక్కడానికి లేదు! ఈ సంగతి దేశమంతా మొత్తుకున్నాక, నాలుగు చక్రాలూ లాగే రకంలో ముదురు గోధుమ రంగు సీట్లు కూడా ఇస్తామన్నారు లెండి.

నాలుగు చక్రాలూ లాగేది డీజిల్లోనే దొరుకుతుంది, 2024లో ధర 18.79 లక్షల నుంచి మొదలు. అప్పటి 12.99 లక్షల బండికి లాగేవి వెనక చక్రాలు రెండే. దాన్ని సూర్యలంక బీచి ఇసకలో దించితే బయటికి లాగడానికి ట్రాక్టరు రావాలి. ట్రాక్టరుకు రుసుము లేదని ముఖ్యమంత్రిగారన్నారు గనుక అది రోడ్డు మీద దర్జాగా వస్తుంది, మనం ఇసకలో కూర్చుని ఎదురుచూడాలి. కాబట్టి డీజిలే.

"ముందు కోణం 41.7 డిగ్రీలు సార్. ఎంత నిటారు గట్టయినా బంపరు తగలదు" అన్నాడు కుర్రాడు. తెనాలి చుట్టుపక్కల భూమి ఎంత చదునంటే, అంత వాలు చూడాలంటే కృష్ణ కరకట్ట దాకా పోవాలి. "నీళ్లలో 650 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది" అన్నాడు. ఇది పనికొచ్చే ముక్క. "కెమెరా రోడ్డు మీద గీతని చూసుకుంటూ పోతుంది, గీత దాటబోతే స్టీరింగు దానంతటదే సర్దుకుంటుంది" అన్నాడు.

"గీత లేకపోతే?"

"గీత ఉంటేనే పనిచేస్తుంది సార్."

గీతుందంటే రోడ్డుందన్నమాట. రోడ్డుందంటే రుసుముందన్నమాట. "ఆ కెమెరా పీకేస్తే ఎంత తగ్గిస్తారు?" అని బేరం మొదలెట్టాడు మా బావమరిది. కుర్రాడు నవ్వి లెక్క కాగితం తీశాడు. అందులో రోడ్డు టాక్స్ 17 శాతం, మూడు లక్షల పైచిలుకు.

"బాబూ, మేం రోడ్డెక్కం. ఎక్కబోమని కాగితం రాసిస్తాం. మాకెందుకు రోడ్డు టాక్స్?"

"అది కట్టకపోతే నంబరు రాదు సార్."

"రోడ్డెక్కని బండికి నంబరెందుకు?"

కుర్రాడు మేనేజర్ని పిలవడానికి వెళ్లాడు. ఈలోగా మేం దారి గీసుకున్నాం.

తెనాలిలో కాలవ కట్ట పట్టుకోవాలి. కట్ట ఇరిగేషన్ వాళ్లది, ఆర్ అండ్ బీ వాళ్లది కాదు, కనుక ఏజెన్సీ రాదు. బండి వెడల్పు 1,870 మిల్లీమీటర్లు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు కాలవలోకి దిగాలి. మనమే దిగుతాం, మనకి 650 మిల్లీమీటర్ల అనుమతి ఉంది. కాలవకి ఆ సంగతి తెలియకపోతే ఈత రావాలి. పోనీ కట్ట దిగి పొలాలకడ్డం పడదామా అంటే వరి కోతకొచ్చింది. కోతలయ్యేదాకా ఆగుదామంటే, మా డెల్టాలో కోతకి ముందే వరి పైరులోనే మినుములు చల్లేస్తారు, చేను ఖాళీగా ఉండే రోజంటూ రాదు. రైతు కర్ర పుచ్చుకుని గట్టు మీద నిలబడతాడు, అతని దగ్గర ఫాస్టాగ్ చెల్లదు. బాపట్ల వైపు నల్లమడ వాగు ఉంది. గుర్రపుడెక్క కమ్మేస్తే నేలేదో నీళ్లేవో తెలియదు, బండి చుట్టూ చూపించే కెమెరాలో మాత్రం పచ్చికబయలు చాలా అందంగా కనబడుతుంది. అక్కణ్ణుంచి సూర్యలంక ఇసక, సరుగుడు తోటలు, నిజాంపట్నం మడ అడవులు. ఆ పైన రొయ్యల చెరువు గట్లు. అవి మా బావమరిదివే.

"అక్కడ మాత్రం టోలు నేను తీసుకుంటాను బావా" అన్నాడు. బావనని కూడా చూడలేదు.

నాకు అనుమానం పట్టుకున్నది అక్కడే. రొయ్యల చెరువువాడికి తట్టిన ఆలోచన ప్రభుత్వానికి తట్టదా? లక్షల మంది రోడ్డు దిగి పొలాల్లో పడితే రుసుము కట్టేవాడెవడు? ఏజెన్సీ నష్టపోతుంది. అందుకని వచ్చే సమావేశాల్లో 'రహదారేతర మార్గాల వినియోగ రుసుము' బిల్లు రావడం ఖాయం. పొలం గట్టుకి అడ్డంగా వెదురుబొంగు, దాని పక్కన కుర్చీ, కుర్చీలో రసీదు పుస్తకం. నీటిమడుగు దగ్గర కొలబద్దతో ఒక మనిషి: 650 మిల్లీమీటర్లలోపయితే తేలికపాటి వాహనం, దాటితే పడవ టిక్కెట్టు. గేదెలకు మినహాయింపు. గేదె మీద కూర్చున్నవాడికి లేదు. నడిచేవాళ్ల దగ్గర ప్రస్తుతానికి తీసుకోరు, పరిగెత్తేవాళ్ల సంగతి మంత్రివర్గ ఉపసంఘం చూస్తుంది. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరికి పోయే డొంకల్లో రెట్టింపు.

ఇందులో ఒక సుఖం కూడా ఉంది. ఇది రోడ్డు కాని దారి గనుక, గుంతలు ఉండటమే దాని నాణ్యత. గుంతలు పూడిపోకుండా కాపాడే పూచీ ఏజెన్సీది. ఇంజినీరుగారు టేపు పట్టుకుని తనిఖీకొస్తారు, గుంత లోతు చాల్లేదని బిల్లు ఆపుతారు. వానాకాలం రాగానే గుత్తేదారు ఏ ఖర్చూ లేకుండా పని పూర్తిచేసి, అవార్డు తీసుకుంటాడు. ఒప్పందంలో రాసింది రాసినట్టు జరిగిన మొట్టమొదటి రోడ్డు పనిగా ఇది చరిత్రకెక్కుతుంది.

కుర్రాడు మేనేజర్ని తీసుకొచ్చాడు. మేనేజరు రోడ్డు టాక్స్ తీయడం కుదరదనీ, కావాలంటే కింద పరిచే మ్యాట్లు ఉచితంగా ఇస్తాననీ అన్నాడు. మా బావమరిది మ్యాట్ల గురించి ఆలోచిస్తున్నాడు.

థార్ కొనగలిగినవాడు టోలు కట్టుకోగలడు. ఆ 18.79 లక్షల్లో అప్పట్లో మూడో వంతు జీఎస్టీ, సెస్సే అయినా వాడి గురించి నాకు బెంగ లేదు. ఊరి నుంచి మండలం దాకా రుసుము ఉండదని ప్రభుత్వం ధర్మం చేసినట్టు చెప్పుకుందే, నా మంట దాని మీద. రుసుము రాని రోడ్డుకి ఏజెన్సీ ఎందుకొస్తుంది? కూలి ఆడవాళ్లని ఎక్కించుకుని నాట్లకీ కోతలకీ తిరిగే ఆటో నడిచేది ఆ రోడ్డు మీదే. దానికి రుసుము మినహాయించారు, రోడ్డు కూడా మినహాయించారు. పెద్ద రోడ్డెక్కితే ఆటోకి లేదు గానీ ఆర్టీసీ బస్సుకి ఉందట. బస్సు జేబులోంచి కడుతుందా?

2024 సెప్టెంబరు 2న వరద ముంచెత్తితే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వదిలారు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకల్లో అరటి, పసుపు, కంద నీళ్లలో ఉండిపోయాయి. జనం పిల్లల్ని చంకనేసుకుని కరకట్ట ఎక్కారు. పెసర్లంక వాళ్లూ గాజుల్లంక వాళ్లూ తరాలుగా సరైన దారి లేకుండానే బతుకుతున్నారు. వాళ్లకది వారాంతపు సరదా కాదు. అలాంటివాళ్లని నిలబెట్టి, డబ్బు కట్టి రోడ్డు తీసుకుంటారా, గుంతల్లో ఉంటారా అని అడగడానికి ప్రజలు ఓటేసి పంపిన ప్రభుత్వానికి నోరెలా వచ్చింది?

పైగా డబ్బు కట్టనిదెప్పుడు? 2020 సెప్టెంబరు నుంచి ఈ రాష్ట్రంలో లీటరు పెట్రోలుకీ డీజిలుకీ రూపాయి చొప్పున రోడ్డు సెస్సు వసూలవుతోంది. అప్పటి ప్రభుత్వం వేసింది, ఈ ప్రభుత్వం తియ్యలేదు. ఆటోవాడూ కట్టాడు, ట్రాక్టరు రైతూ కట్టాడు, లంకలో మోటారు పడవ నడిపేవాడూ కట్టాడు, వాడు రోడ్డు మొహం చూడకపోయినా. అన్నేళ్ల రూపాయి ఏ మండలంలో ఏ రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లకి పెట్టారో కాగితం తెచ్చి సభలో చదవండి. బాపట్ల కలెక్టరేట్ గోడ మీదా, తెనాలి, రేపల్లె ఆర్డీవో ఆఫీసుల గోడల మీదా అంటించండి. అది చదివాక టోలుగేటు ఎక్కడ పెట్టుకుంటారో మాట్లాడదాం.